స్టాక్‌హోమ్ రేవులో ఓడ ఆగేది ఒక్క పగలే: పెద్దావిడతో, పిల్లవాడితో ఏమేం చూడగలం?

కూకట్‌పల్లి సభ్యురాలు:

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో, అంటే 2026 జూన్ మూడో వారంలో, మా కుటుంబమంతా కోపెన్‌హాగెన్‌లో ఓడ ఎక్కి, బాల్టిక్ సముద్రంలోని కొన్ని రేవులు చూసుకుని, తిరిగి కోపెన్‌హాగెన్‌లోనే దిగేలా ఒక క్రూజ్ బుక్ చేసుకున్నాము. వెళ్లేవాళ్లం మావారు, నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, డెబ్బై రెండేళ్ల మా అత్తగారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. చదునైన దారిలో మెల్లగా నడవగలరు గాని మెట్లు, ఎగుడుదిగుడు దారులు ఆవిడకు కష్టం. మేమందరం శాకాహారులం, అత్తగారు గుడ్డు కలిసినవి కూడా ముట్టరు.

ఈ యాత్రలో స్టాక్‌హోమ్‌కు దక్కింది ఒక్క పగలు మాత్రమే. ఉదయం ఎనిమిది గంటలకు ఓడ రేవు చేరుతుందని, సాయంత్రం ఐదు గంటలకు బయలుదేరుతుందని కాగితాల్లో రాశారు. ఆ రోజుకు ఓడవాళ్లు అమ్ముతున్న టూరు ధరను నలుగురికీ కలిపి రూపాయల్లోకి మార్చి చూసేసరికి మావారు సొంతంగానే తిరుగుదామని పట్టుబట్టారు. నాకేమో తెలియని ఊళ్లో ఆలస్యమై ఓడ మనల్ని వదిలేసి వెళ్లిపోతే ఏం చేస్తామన్న బెంగ పట్టుకుంది. ఇంటర్నెట్‌లో చదివినకొద్దీ చూడవలసినవాటి జాబితా పెరుగుతోందే తప్ప, ఒక పగటిలో వాటిలో ఏవి ఇముడుతాయో ఎవరూ చెప్పడం లేదు. పెద్దవాళ్లతో అక్కడ తిరిగివచ్చిన వారెవరైనా దారి చూపగలరా? మధ్యాహ్న భోజనం సంగతి, డబ్బు సంగతి కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

తార్నాక, విశ్రాంత ఇంజనీరు:

అమ్మా, ఏం చూడాలో తేల్చుకునే ముందు మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో కనుక్కోండి, ఎందుకంటే ఆ రోజు ప్రణాళిక అంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. కాగితంలో "స్టాక్‌హోమ్" అని ఉన్నంత మాత్రాన ఓడ ఊరి మధ్యకే వస్తుందనుకోవడానికి వీల్లేదు. స్టాడ్స్‌గార్డెన్ అనే రేవు నగరం నడిబొడ్డున ఉంటుంది. అక్కడ దిగితే పాత పట్నం కళ్లెదుటే కనిపిస్తుంది. ఫ్రీహామ్నెన్ అనే మరో రేవు ఊరికి తూర్పు వైపున ఉంది. అక్కడినుంచి బస్సో టాక్సీయో కావాలి. మూడోది నీనెస్‌హామ్న్. అది స్టాక్‌హోమ్‌కు దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే ఊరు. దీవుల మధ్య ఉన్న ఇరుకైన నీటిదారిలోకి రాలేని భారీ ఓడలను అక్కడ నిలుపుతారు. అక్కడినుంచి లోకల్ రైలు స్టాక్‌హోమ్ చేరడానికి దాదాపు గంట పడుతుంది. అంటే రానూపోనూ ప్రయాణానికే రెండు గంటలకు పైగా పోతుంది, రైలు కోసం వేచి ఉండే సమయం దానికి అదనం.

రెండో లెక్క ఓడ బయలుదేరే సమయానిది. ఐదు గంటలకు ఓడ కదులుతుందంటే అందరూ లోపలికి చేరవలసిన గడువు అంతకు అరగంటో గంటో ముందే ఉంటుంది. ఆ గడువు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. నాలుగు గంటలకు రేవులో ఉండాలనుకుంటే, మూడుంపావుకల్లా మీరు చూస్తున్నది వదిలిపెట్టి బయలుదేరాలి. ఉదయం దిగేటప్పుడు ఉండే వరుసలు, నడక, భోజనం తీసివేస్తే మీ చేతిలో మిగిలేది సుమారు ఐదు గంటలు. ఐదు గంటల్లో ఒక పెద్ద విషయాన్ని నింపాదిగా, ఒక చిన్న విషయాన్ని తేలికగా చూడవచ్చు. అంతకు మించి ఆశపడితే అత్తగారు ఏ బెంచీ మీదో కూర్చుని మీ కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

ఆ పెద్ద విషయం నా అభిప్రాయంలో వాసా మ్యూజియం, అందులో నాకు రెండో ఆలోచన లేదు. స్వీడన్ రాజు రెండవ గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన వాసా అనే యుద్ధనౌక 64 ఫిరంగులతో, రెండు ఫిరంగి అంతస్తులతో 1628 ఆగస్టు 10న తొలిసారి తెరచాప ఎత్తి, సుమారు 1,300 మీటర్లు వెళ్లేసరికి ఒక గాలివిసురుకు పక్కకు ఒరిగి, తెరిచి ఉన్న కింది ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు దూరి, రేవులోనే జనం చూస్తుండగా మునిగిపోయింది. పైభాగం బరువుకు తగినంత వెడల్పు, అడుగున తగినంత బరువు లేకపోవడమే కారణం. ఆశ్చర్యమేమిటంటే ప్రయాణానికి ముందే ముప్పై మందిని పైఅంతస్తులో ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తించి ఓడ స్థిరత్వాన్ని పరీక్షించారు. ఓడ ప్రమాదకరంగా ఊగడంతో ఆ పరీక్షను మధ్యలో ఆపేశారు గాని ప్రయాణాన్ని ఆపలేదు. యుద్ధంలో ఉన్న రాజు తొందరపెడుతుంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? తరవాత విచారణ జరిగింది, శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. ఆఫీసుల్లో పనిచేసిన మనలాంటి వాళ్లకు ఆ విచారణ కథ కొత్తగా అనిపించదు.

ఆ ఓడ 333 సంవత్సరాలు నీటి అడుగున ఉండి, 1961 ఏప్రిల్ 24న పైకి వచ్చింది. కొయ్యను తొలిచి తినే నౌకాపురుగు ఉప్పు తక్కువగా ఉన్న బాల్టిక్ నీటిలో బతకలేదు, అందువల్లనే కొయ్య నిలిచింది. బయటికి తీశాక ఎండి పగిలిపోకుండా పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని 17 ఏళ్లపాటు దానిమీద చల్లుతూ వచ్చారు. ఇప్పుడు మనకు కనిపించే దానిలో 98 శాతం అసలు ఓడే. హైదరాబాదు వాళ్లకు ఈ కథ సగం తెలిసిందే: 1990 మార్చిలో పడవతో సహా హుస్సేన్‌సాగర్‌లో మునిగిన బుద్ధ విగ్రహం 1992 డిసెంబరు దాకా నీటి అడుగునే ఉండి, తరవాత పైకి లేచి నిలబడింది. రాతికి నీటితో పేచీ లేదు కాబట్టి మనవాళ్లు తీసి నిలబెడితే సరిపోయింది, కొయ్యను కాపాడటానికి వాళ్లు ఇప్పటికీ తంటాలు పడుతూనే ఉన్నారు. కాకతాళీయంగా, వాసా మ్యూజియం ప్రస్తుత భవనం తెరిచింది కూడా 1990లోనే.

అత్తగారికి ఇది అనుకూలమైన చోటు. లిఫ్టులున్నాయి. ఓడ చుట్టూ వేర్వేరు ఎత్తుల్లో అంతస్తులు కట్టారు కాబట్టి అడుగునుంచి, మధ్యనుంచి, పైనుంచి ఓడను చూడవచ్చు. ఓడ లోపలికి ఎవరినీ ఎక్కనివ్వరు. కొయ్య కోసం హాలును చల్లగా, మసక వెలుతురులో ఉంచుతారు, అత్తగారి చేతికి ఒక శాలువా ఇవ్వండి. మీ అబ్బాయికి టికెట్టు అక్కర్లేదు, 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం. జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం ఎనిమిదిన్నరకే తెరుస్తారు గనుక, ఓడల్లో వచ్చిన బస్సుల గుంపులు చేరకముందే లోపలికి వెళ్లిపోవడం మంచిది.

మిగిలిన సమయంలో గామ్లా స్టాన్, అంటే పాత పట్నం, ఒక గంట తిరిగిరండి. అక్కడి స్టోర్‌టోర్యెట్ చౌకులో నోబెల్ బహుమతి మ్యూజియం ఉంది. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1930లో ఈ ఊరికే వచ్చి నోబెల్ అందుకున్నారని మీ అబ్బాయికి అక్కడ నిలబడి చెప్పండి.

మణికొండ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:

ఉద్యోగరీత్యా కొంతకాలం స్టాక్‌హోమ్‌లో ఉండి వచ్చినవాణ్ణి. ఇంజనీరు గారు వాసా గురించి చెప్పినదంతా నిజమే గాని, పాత పట్నం విషయంలో మాత్రం నేను విభేదిస్తున్నాను. గామ్లా స్టాన్ వీధులు గుండ్రాళ్లు పరిచిన వాలు వీధులు. మోకాళ్ల నొప్పులున్నవారికి అక్కడ గంట నడక అంటే మరునాటి ప్రయాణాన్ని కూడా పాడుచేసుకోవడమే. చూడాలని ఉంటే నీళ్ల పక్కగా, రాజభవనం వైపునుంచి చదునుగా ఉన్న దారిలో కొంతదూరం నడిచి, అత్తగారిని ఏదైనా కాఫీ షాపులో కూర్చోబెట్టి, మీరూ అబ్బాయీ వంతులవారీగా పైకి వెళ్లి చౌకు చూసి రండి. ఆ చౌకులోనే 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండవ క్రిస్టియన్ సుమారు 80 నుంచి 100 మంది స్వీడన్ ప్రముఖులను వధింపజేశాడు. ఆ ఊచకోత తరవాత లేచిన తిరుగుబాటుతోనే స్వీడన్ డెన్మార్క్ నుంచి విడిపోయి, మూడేళ్లకు గుస్తావ్ వాసా రాజయ్యాడు. ఇంజనీరు గారు చెప్పిన ఓడకు పేరు ఆ వంశం నుంచే వచ్చింది. ముందు చౌకు చూసి తరవాత ఓడ దగ్గరికి వెళితే పిల్లవాడికి కథ వరుసగా అందుతుంది గాని, జనం రద్దీ దృష్ట్యా ముందు ఓడ దగ్గరికి వెళ్లడమే తెలివైన పని.

ఇక రాకపోకలు. మీ ఓడ స్టాడ్స్‌గార్డెన్‌లో ఆగితే, నీళ్ల పక్కన చదునుగా ఉన్న దారిలో స్లుస్సెన్ కూడలికి నడిచి, అక్కడ డ్యూర్‌గార్డెన్ దీవికి వెళ్లే ఫెర్రీ ఎక్కండి. అది ఊరి రవాణా సంస్థ ఎస్‌ఎల్ నడిపే మామూలు ఫెర్రీ. మెట్రోకు, బస్సుకు, ట్రాముకు చెల్లే టికెట్టే దీనికీ చెల్లుతుంది. ఒకసారి తీసుకున్న టికెట్టు 75 నిమిషాలపాటు పనికొస్తుంది. పది నిమిషాల నీటి ప్రయాణం తరవాత దిగి, మరో పది నిమిషాలు చదును దారిలో నడిస్తే వాసా మ్యూజియం వస్తుంది. విహార పడవల టికెట్టుకు బోలెడు డబ్బు పోసేవాళ్లు ఈ ఫెర్రీ సంగతి తెలిస్తే నొచ్చుకుంటారు, ఎందుకంటే ఊరు నీళ్లమీదనుంచి ఎంత అందంగా కనిపిస్తుందో ఈ పది నిమిషాల్లోనే కనిపిస్తుంది. అత్తగారు అంత దూరం నడవలేరనిపిస్తే, క్రూజ్ ఓడల రేవులను, పాత పట్నాన్ని, వాసా మ్యూజియాన్ని కలుపుతూ, ఎక్కడైనా ఎక్కి ఎక్కడైనా దిగగలిగే పర్యాటక పడవలున్నాయి. ఖరీదు ఎక్కువైనా వాటివల్ల నడక బాగా తగ్గుతుంది. నీనెస్‌హామ్న్ నుంచి రైల్లో వస్తే స్టాక్‌హోమ్ సిటీ స్టేషనులో దిగి, పైకి వచ్చి, 7వ నంబరు ట్రాము ఎక్కాలి. అది మ్యూజియం దగ్గర్లోనే ఆగుతుంది. టికెట్లు ఎస్‌ఎల్ యాప్‌లో తీసుకోండి, 65 ఏళ్లు దాటినవారికి, 20 ఏళ్లలోపు వారికి రాయితీ ఉంది.

డబ్బు విషయంలో మన దగ్గర పాత అలవాట్లు పనికిరావు. స్వీడన్‌లో చెల్లేది యూరో కాదు, క్రోనా. అయితే క్రోనా నోట్లు కూడా మార్చుకోకండి, చాలా దుకాణాలు, కాఫీ షాపులు, చివరికి పబ్లిక్ టాయిలెట్లు కూడా కార్డు మాత్రమే తీసుకుంటాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 నుంచి మన కార్డులు మొదట దేశంలోపల మాత్రమే పనిచేసేలా వస్తాయి. కాబట్టి అంతర్జాతీయ వాడకాన్ని, తాకితే చెల్లించే సదుపాయాన్ని బ్యాంకు యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకుని, మీ ఇద్దరి దగ్గరా వేర్వేరు బ్యాంకుల కార్డులు ఉండేలా చూసుకోండి. మెషీను "రూపాయల్లో చెల్లిస్తారా, క్రోనాల్లోనా" అని అడిగితే క్రోనాలనే ఎంచుకోండి. రూపాయలంటే వాళ్ల మారకపు రేటుకు మీరు ఒప్పుకున్నట్లే.

భోజనానికి శాకాహారం దొరకడం కష్టం కాదు. పనిదినాల్లో పదకొండు నుంచి రెండు గంటల వరకు చాలా హోటళ్లు "దాగెన్స్ రెట్" అనే మధ్యాహ్న భోజనాన్ని రాత్రి ధరకంటే బాగా చవగ్గా, సలాడ్, రొట్టె, కాఫీ కలిపి ఇస్తాయి, అందులో శాకాహార వంటకం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఫలాఫెల్ (శనగలతో చేసే వడల్లాంటివి) దుకాణాలు అంతకన్నా చవక. అత్తగారికి మాత్రం "శాకాహారం" అన్న మాట చాలదు, ఎందుకంటే అక్కడ దానిలో గుడ్డు, చీజ్ ఉండవచ్చు. "వీగన్" అని అడిగితే గుడ్డు బెడద తప్పుతుంది. దాల్చినచెక్క బన్ను, యాలకుల బన్ను అక్కడ ప్రసిద్ధి. స్వీడన్ వాళ్లకు యాలకుల మీద మనకంటే ఎక్కువ మోజు. కాకపోతే ఆ బన్నుల పైమెరుపుకు తరచుగా గుడ్డు పూస్తారు, అడిగి తీసుకోండి. కుళాయి నీళ్లు నిస్సంకోచంగా తాగవచ్చు, సీసాలు కొననక్కర్లేదు.

సైనిక్‌పురి సభ్యుడు:

సొంతంగా తిరగాలా, ఓడవాళ్ల టూరు తీసుకోవాలా అన్న ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఓడవాళ్ల టూరు బస్సు దారిలో ఇరుక్కుంటే ఓడ దానికోసం ఆగుతుంది, సొంతంగా వెళ్లిన నలుగురి కోసం ఆగదు. మీరు ఎక్కువ ధర ఇచ్చి కొనేది ప్రధానంగా ఆ భరోసానే. రేవు ఊరి మధ్యలో ఉంటే ఆ భరోసాకు పెద్ద విలువ లేదు, ఏమీ దొరక్కపోయినా టాక్సీలో తిరిగిరావచ్చు. నీనెస్‌హామ్న్ అయితే మాత్రం, పెద్దావిడ ఉన్నారు కాబట్టి, మీవారు ఏమన్నా సరే ఓడవాళ్ల బస్సు టికెట్టయినా తీసుకోండి. గైడుతో కూడిన టూరు కాకుండా ఊళ్లో దింపి మళ్లీ ఎక్కించుకునే బస్సును మాత్రమే అమ్మే ఓడలు చాలా ఉన్నాయి. వేసవిలో పట్టాల మరమ్మతులు జరిగే రోజుల్లో లోకల్ రైళ్లకు బదులు బస్సులు నడుపుతుంటారు గనుక, రైలునే నమ్ముకునేవారు ముందురోజు యాప్‌లో చూసుకోవడం అవసరం.

గడియారం విషయంలో ఒక హెచ్చరిక. హెల్సింకి, టాలిన్ నగరాల సమయం స్టాక్‌హోమ్ కంటే గంట ముందుంటుంది. ఓడ ఆ ఊళ్లనుంచి వస్తున్నట్లయితే ఓడ సమయాన్ని మార్చారో లేదో రోజువారీ కాగితంలో చూడండి. ఫోను తనంతట తానే ఊరి సమయానికి మారిపోతుంది, ఓడ గడువు మాత్రం ఓడ సమయం ప్రకారమే ఉంటుంది. అబ్బాయి చేతికి ఒక మామూలు గడియారం కట్టి, దాన్ని ఓడ సమయానికి పెట్టి, సమయం చూసే బాధ్యత వాడికే అప్పగించండి. ఓడలో ఉన్నంతసేపూ ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచడం కూడా మరవకండి, సముద్రం మీది నెట్‌వర్కుకు ఫోను తగులుకుంటే వచ్చే బిల్లు టూరు ధరను తలదన్నుతుంది.

ఇక అందరూ మరచిపోయిన విషయం. స్టాక్‌హోమ్‌లో అన్నిటికన్నా గొప్ప దృశ్యం ఓడ దిగకముందే మొదలవుతుంది. ఊరి ముందు సముద్రంలో దాదాపు 30,000 దీవులు, రాతిదిబ్బలు ఉన్నాయి. ఊరి రేవుకు వచ్చే ఓడ మూడు నాలుగు గంటలపాటు వాటి మధ్యనుంచి, ఒడ్డున ఉన్న ఎర్రని కొయ్య ఇళ్లకు కూతవేటు దూరంలో, మెల్లగా సాగి వస్తుంది. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు కుంగిన నేల, ఆ మంచు కరిగిపోయాక ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు మిల్లీమీటర్లు పైకి లేస్తూనే ఉంది. అందువల్ల నీళ్లలోంచి కొత్త రాతిదిబ్బలు తలెత్తుతూనే ఉంటాయి. మీ ఓడ ఎనిమిదింటికి చేరాలంటే దీవుల మధ్యకు తెల్లవారుజామున నాలుగైదు గంటలకే వస్తుంది. జూన్‌లో అక్కడ మూడున్నరకే సూర్యోదయం అవుతుంది కాబట్టి చీకటి బెడద లేదు. తెల్లవారుజామున లేవడం అలవాటున్న అత్తగారికి డెక్కు మీద ఒక కుర్చీ, ఒక దుప్పటి, వేడి కాఫీ ఉంటే చాలు, అబ్బాయిని లేపడమే పెద్ద పని. వాడు లేవకపోయినా ఫరవాలేదు, సాయంత్రం ఐదింటికి బయలుదేరిన ఓడ మళ్లీ ఆ దీవుల మధ్యనుంచే వెళ్తుంది, సూర్యాస్తమయం రాత్రి పది దాటాకే. అందుకే ఆ సాయంత్రం ఓడలో నాటకాలూ విందులూ పెట్టుకోకుండా డెక్కు మీదే గడపండి.

కూకట్‌పల్లి సభ్యురాలు:

ఇంత ఓపికగా జవాబులు రాసినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఓడ కంపెనీకి మెయిల్ రాస్తే, మా ఓడ స్టాడ్స్‌గార్డెన్‌లోనే ఆగుతుందని జవాబిచ్చారు. మావారి ముఖం వెలిగింది. తేదీ జూన్ 20, శనివారం. ముందు వాసా, తరవాత ఎక్కడైనా దాగెన్స్ రెట్ భోజనం, ఓపిక ఉంటే పాత పట్నం అంచున కాసేపు కూర్చోవడం, ఇంతవరకూ అనుకున్నాము. వీసా విషయం ఒకటి మిగిలింది. మేము ఓడ ఎక్కే ముందు కోపెన్‌హాగెన్‌లో మూడు రాత్రులు ఉంటున్నాము. ఓడ ఫిన్లండ్, ఎస్టోనియా, స్వీడన్ రేవులకు వెళ్తుంది. ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? ఓడ మధ్యలో అంతర్జాతీయ జలాల్లోకి వెళ్తుంది కాబట్టి ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా చాలదని ఒక ఏజెంటు అంటున్నాడు.

బేగంపేట, ట్రావెల్స్ రంగంలో పనిచేసే సభ్యురాలు:

మీరు చెప్పిన దేశాలన్నీ షెంగెన్ ఒప్పందంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమిలో, ఉన్నవే. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలన్నది నియమం. మీకు అది డెన్మార్కే అవుతుంది. ముందుగా అడుగుపెట్టేది కూడా అక్కడే గనుక సందేహానికి తావు లేదు. ఓడ షెంగెన్ రేవుల మధ్యనే తిరుగుతున్నంతకాలం సముద్రం మీద ఉన్న రాత్రులు బయటికి వెళ్లినట్లు లెక్కకు రావు. ఓడ దారిలో బ్రిటన్ వంటి షెంగెన్‌లో లేని దేశం ఒక్కటి ఉన్నా పరిస్థితి మారిపోతుంది. అయినప్పటికీ, రేవులు మార్చే అధికారం ఓడకు ఉంది, పైగా కొన్ని ఓడ కంపెనీలు ఎక్కేటప్పుడే అడుగుతాయి కూడా, అందువల్ల ఎక్కువసార్లు ప్రవేశానికి వీలిచ్చే వీసానే అడగమని నేను మా దగ్గరికి వచ్చేవారికి చెబుతాను. మీ ఏజెంటు సలహా మంచిదే గాని, చెప్పిన కారణం సరైనది కాదు.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి, ఆలస్యమంటే పదిహేను రోజుల ముందు వరకు చేయవచ్చు. వేసవి రద్దీలో వేలిముద్రల అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం గనుక మార్చిలోనే కదలండి. రుసుము ఒక్కొక్కరికి 90 యూరోలు. పన్నెండేళ్లు నిండాయి కాబట్టి మీ అబ్బాయికి రాయితీ వర్తించదు, వేలిముద్రలు కూడా ఇవ్వాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు సరిపడేది ఉండాలి. అత్తగారి మోకాళ్ల సంగతిని బీమా ఫారంలో దాచకండి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త విధానం ప్రకారం యూరప్‌లో మొదట దిగిన విమానాశ్రయంలో ఫొటో తీసుకుంటారు, వీసాకు ఇచ్చిన వేలిముద్రలతో సరిచూస్తారు. కాబట్టి ఓడ ఎక్కే రోజునే విమానం దిగేలా పెట్టుకోకుండా ముందే వెళ్తున్నారు, అది మంచి పని.

మణికొండ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:

తేదీ చూసి మళ్లీ రాస్తున్నాను. జూన్ 20, శనివారం అంటే ఆ ఏడాది స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండుగ రోజు. అసలు సంబరం దాని ముందురోజు, శుక్రవారం. మన సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో ఆ రెండు రోజులూ స్టాక్‌హోమ్ అలా ఖాళీ అవుతుంది. ఊరివాళ్లందరూ పల్లెల్లోని వేసవి ఇళ్లకు, దీవులకు వెళ్లిపోతారు. దుకాణాలు, హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, బస్సులూ ఫెర్రీలూ సెలవురోజు పట్టిక ప్రకారం నడుస్తాయి. దాగెన్స్ రెట్ పనిదినాల భోజనం కాబట్టి ఆ రోజు దానిమీద ఆశ పెట్టుకోకండి. అత్తగారి కోసం ఓడలోని అల్పాహారం తరవాత ఏదైనా వెంట తీసుకెళ్దామన్నా, తాజా పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు తీసుకెళ్లడాన్ని చాలా ఓడలు అనుమతించవు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న సీలు విప్పని పొడి తినుబండారాలు సంచిలో ఉంచుకోవడం మేలు. వాసా మ్యూజియం ఆ రోజు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో వాళ్ల సైట్‌లో ముందే చూసి, టికెట్లు అక్కడే కొనుక్కోండి.

అయితే ఆ తేదీ మీకు నష్టమని నేననుకోవడం లేదు. వాసాకు కాస్త దూరంలో, అదే దీవి మీద స్కాన్‌సెన్ ఉంది. ఆర్టూర్ హాజెలియస్ 1891లో తెరిచిన ఆరుబయలు మ్యూజియం అది. స్వీడన్ నలుమూలలనుంచి పాత ఇళ్లను, గాలిమరలను, చర్చిని విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. ఉత్తరాది జంతువులైన మూస్ (పెద్ద దుప్పి), ఎలుగుబంట్లు కూడా ఉంటాయి. మిడ్‌సమ్మర్ రోజుల్లో అక్కడ పూలూ ఆకులూ చుట్టిన పెద్ద స్తంభాన్ని నిలబెట్టి, సంప్రదాయ దుస్తుల్లో జనం దానిచుట్టూ పాడుతూ ఆడుతారు. ఇంట్లో చేసుకునే పండుగను పరాయివాళ్లు చూడగలిగే చోటు ఇది. స్కాన్‌సెన్ గుట్టమీద ఉంది గాని, హాజెలియస్ ద్వారం దగ్గరనుంచి పైకి తీసుకెళ్లే చిన్న కొండ రైలు ఉంది. పైన తిరిగేటప్పుడు ఎత్తుపల్లాలు తప్పవు. అందుకని వాసాను గంటన్నరకు కుదించి, పాత పట్నాన్ని పూర్తిగా వదిలేసి, మిగిలిన సమయం స్కాన్‌సెన్‌కు ఇవ్వమంటాను.

తార్నాక, విశ్రాంత ఇంజనీరు:

పండుగ సంగతి నాకు తట్టలేదు, మణికొండ మిత్రుడు చెప్పడం మంచిదైంది. అయినా వాసాను గంటన్నరకు కుదించమనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఇంగ్లిష్‌లో గైడు చెప్పే ఉచిత పర్యటన, ఓడను వెలికితీసిన కథ మీది చిన్న చిత్రం, అసలు ఓడకు పదోవంతు పరిమాణంలో రంగులద్దిన నమూనా, ఇవన్నీ చూడటానికే గంటన్నర సరిపోతుంది, ఓడ ముందు ఊరికే నిలబడటానికి సమయమే మిగలదు. కావాలంటే ఇద్దరు ఇద్దరుగా విడిపోండి. మీరూ అబ్బాయీ పదకొండింటికి స్కాన్‌సెన్‌కు వెళ్లి పండుగ చూసి రండి, అత్తగారినీ మీవారినీ నింపాదిగా వాసాలోనే ఉండి, మ్యూజియం లోపలి హోటల్లో కూర్చోనివ్వండి. పండుగనాడు బయట ఏ హోటలు తెరిచి ఉంటుందో వెతుక్కునే పని కూడా దానితో తప్పుతుంది. రెండున్నరకు మ్యూజియం ద్వారం దగ్గర కలుసుకుని, ఫెర్రీ సెలవురోజు వేళలు ఉదయమే ఫొటో తీసి ఉంచుకుంటే, మూడున్నరకల్లా స్టాడ్స్‌గార్డెన్‌లో ఉంటారు.